వీడియోల ద్వారా స్పానిష్ అభ్యసనం: దేశభేదాలు - తెలుగు అభ్యాసకుని అనుకూలతలు

1. ఉపోద్ఘాతం:

నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని అనుమసముద్రంపేటలో ఖాజా నాయబ్ రసూల్ దర్గా ఉంది. పొరుగు రాష్ట్రాల నుండి కూడా యాత్రికులు అక్కడికి వస్తారు. దర్గా వీధిలోని దుకాణదారుకు నెల్లూరు తెలుగు, సీమ తెలుగు, దక్కనీ ఉర్దూ, తమిళం వింటూ బేరం సాగించడం నిత్యకృత్యం. కొనవచ్చినవారి యాసను ఎవరూ దిద్దరు. అర్థం గ్రహించి బదులిస్తారు. అదే ఊరి విద్యార్థి స్పానిష్ నేర్చుకోదలిస్తే మొదట ఎదురయ్యే సందేహం మాత్రం "ఏ దేశపు స్పానిష్ సరైనది?" అన్నది.

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ, ఢిల్లీలోని సెర్వాంతెస్ సంస్థలోనూ స్పానిష్ బోధన ఉంది. ఇటువంటి సంస్థలకు దూరంగా ఉన్న అభ్యాసకునికి సెల్‌ఫోనులోని వీడియోలే ప్రధాన ఆధారం. వివిధ దేశాల వీడియోలను ఏ క్రమంలో వాడుకోవాలో, అందుకు తెలుగు ఎలా తోడ్పడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒకే భాష - అనేక ప్రమాణాలు:

స్పానిష్ ఇరవై స్వతంత్ర దేశాలలోనూ, ప్యూర్టోరికోలోనూ అధికారభాషగా వ్యవహారంలో ఉంది. స్పెయిన్ రాజ అకాడమీ 1713లో ఏర్పడింది. 1951లో మెక్సికోలో స్పానిష్ భాషా అకాడమీల సంఘానికి పునాది పడింది. నేడు అందులో 23 అకాడమీలున్నాయి. అంటే ఈ భాషకు ప్రమాణకేంద్రం ఒక్కటే కాదు.

భేదాలు మొదట ధ్వనులలో కనిపిస్తాయి. ఇల్లు అనే అర్థంగల 'కాసా', వేట అనే అర్థంగల మరో పదం ఉత్తర, మధ్య స్పెయిన్‌లో వేరువేరుగా వినిపిస్తాయి. లాటిన్ అమెరికాలో రెండూ ఒకటే. వీధిని చాలా దేశాలలో 'కాయే' అంటే బ్యూనస్ ఎయిర్స్‌లో 'కాషే' అంటారు. కరీబియన్ ప్రాంతంలో పదాంత సకారం తరచుగా హకారమై, లేదా లోపించి వినిపిస్తుంది.

పదజాలంలోనూ ఇంతే. వేరుశనగను స్పెయిన్‌లో 'కకవేతే' అనీ, మెక్సికోలో 'కకవాతే' అనీ, దక్షిణ అమెరికాలో, కరీబియన్ దీవులలో 'మనీ' అనీ అంటారు. మొదటి రెండు నాహువాత్ల్ భాష నుండి, మూడవది తైనో భాష నుండి వచ్చాయి. దీనిని చూసి తెలుగువారు ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ గింజనే మనలో కొందరు శనక్కాయలనీ, తెలంగాణవారు పల్లీలనీ అంటున్నారు. 'గ్వాగ్వా' విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్యూబాలో ఆ మాటకు బస్సు అని అర్థం. ఈక్వడార్‌లో పసిబిడ్డ అని అర్థం.

3. భిన్నస్వరాలను వినవలసిన అవసరం:

ఆంగ్లంలోని ర, ల ధ్వనుల భేదాన్ని జపనీయులకు నేర్పడంపై లోగన్, లైవ్లీ, పిసోనీ 1991లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. పలువురు వక్తల కంఠాలతో శిక్షణ పొందినవారు ఆ నేర్పును కొత్త కంఠాలకూ అన్వయించగలిగారు. ఒకే వక్తను విని నేర్చినవారు కొత్త వక్త దగ్గర ఆ ప్రయోజనం పొందలేకపోయారని 1993 నాటి అనుబంధ పరిశోధన చూపింది. ఇవి స్పానిష్‌పై చేసిన ప్రయోగాలు కావు. అయినా వినికిడి శిక్షణకు వాటి సూచన స్పష్టమే.

బోధనలో ఇటువంటి దృష్టి లేకపోలేదు. అమెరికాలో 1992లో ప్రసారమైన 'దెస్తీనోస్' అనే 52 భాగాల దృశ్యపాఠంలో కథానాయిక రాకెల్ ఒక కుటుంబ రహస్యాన్ని వెదుకుతూ స్పెయిన్, అర్జెంటీనా, ప్యూర్టోరికో, మెక్సికోలకు వెళుతుంది. ఆమె వెంటే ప్రేక్షకుడు నాలుగు చోట్ల ఉచ్చారణలనూ వింటాడు.

4. తెలుగు అభ్యాసకుని అనుకూలతలు:

4.1 ధ్వనులు: స్పానిష్‌లోని త, ద లు దంత్యాలు. మనం ఆంగ్లం ద్వారా అలవాటు చేసుకున్న 'టాకో', 'టొమాటో'లను విడిచి 'తాకో', 'తొమాతే' అంటే చాలు. 'కాని' అనే అర్థంగల 'పెరో'కూ, కుక్క అనే అర్థంగల 'పెర్రో'కూ ఉన్న తేడా మనకు 'గొర్రె', 'కర్ర' వంటి మాటలలో పరిచితమే.

4.2 వాక్యం: 'నాకు కాఫీ ఇష్టం' అనే భావాన్ని స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్ కఫే' అంటారు. ఇష్టపడే వ్యక్తి ఇక్కడ కర్తగా కాక 'నాకు' అనే రూపంలోనే వస్తాడు. 'వచ్చాను', 'వచ్చావు' అన్నప్పుడు సర్వనామం చెప్పనవసరం లేనట్లే, స్పానిష్‌లోనూ క్రియాంతమే పురుషను తెలుపుతుంది.

4.3 మర్యాద: 'తూ', 'ఉస్తెద్' అనేవి స్థూలంగా మన 'నువ్వు', 'మీరు' వంటివి. అయితే అర్జెంటీనాలో 'తూ' స్థానంలో 'వోస్' వాడతారు. బొగోతాలో స్నేహితుల మధ్య కూడా 'ఉస్తెద్' వినిపిస్తుంది. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తున్నారో ఇంటి సంభాషణలున్న వీడియో చూపినంత స్పష్టంగా వ్యాకరణ పట్టిక చూపలేదు.

5. అభ్యాసక్రమం:

మొదట ఏదో ఒక దేశపు వీడియోలనే అనుసరించి, మాట్లాడటానికి ఒక ఉచ్చారణను స్థిరపరచుకోవాలి. నెమ్మదిగా సాగే సంభాషణ అర్థమయ్యాక ఒకే విషయంపై మూడు దేశాల వీడియోలు చూడాలి. సంత, వంట, బస్సు ప్రయాణం వంటి విషయాలు ఇందుకు అనువైనవి. మొదటిసారి అక్షరాలు లేకుండా విని, రెండవసారి స్పానిష్ ఉపశీర్షికలతో సరిచూసుకోవాలి. రాత అన్ని దేశాలలోనూ దాదాపు ఒకటే కనుక, ఉపశీర్షిక మాటను గుర్తింపజేస్తుందే కాని దాని పలుకుబడిని చూపదు. కొత్త పదం పక్కన దేశం పేరు రాసుకోవడం తప్పనిసరి. స్పెయిన్‌లో 'తీసుకొను' అనే సామాన్యార్థంలో వాడే 'కొహేర్' మెక్సికో, అర్జెంటీనాలలో అసభ్యమవుతుంది.

6. పరిమితులు:

వీడియో వినడం నేర్పుతుంది. తప్పును మాత్రం దిద్దదు. తెలుగులో లేని విధంగా స్పానిష్ అచేతన వస్తువులకూ స్త్రీ, పురుష లింగాలను ఆపాదిస్తుంది. ఈ లింగనియమాలను, సంశయాన్ని, కోరికను తెలిపే క్రియారూపాలను వ్యాకరణ సాధనతోనే పట్టుకోవాలి. మాట్లాడి సరిచేయించుకునే తోడు కూడా అవసరమే.

7. ముగింపు:

పలకడానికి ఒక ప్రమాణం, వినడానికి అనేక ప్రమాణాలు అనేది ఈ పరిశీలన సారాంశం. నెల్లూరు పలుకుబడిలో 'వస్తా ఉండా' అన్నందుకు తరగతిలో నవ్వులపాలైన విద్యార్థి, బ్యూనస్ ఎయిర్స్ 'కాషే'ను తప్పుగా కాక భేదంగా గుర్తించగలిగితే, తన తెలుగును కూడా అదే దృష్టితో చూసుకోగలుగుతాడు. ఆ దృష్టి దర్గా వీధి దుకాణదారుకు ముందునుంచీ ఉన్నదే.