టైరు పెరిగితే... పళ్లూ మారాలి!

విశాఖ వన్‌టౌన్‌లో బయల్దేరి అరకు దారి పడితే, శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌ మొదలు. బొర్రా దగ్గర కటికి జలపాతానికైతే రాళ్లబాటలో జీపే దిక్కు. అందుకే పాత జీపున్న కుర్రాళ్లకు పెద్ద టైర్లంటే మోజు. బండి ఎత్తు పెరుగుతుంది, అడుగున రాళ్లు తగలవు. కానీ ఘాట్‌ ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. ఎందుకంటారా?

ఇరుసు మధ్యలో పినియన్‌, క్రౌన్‌ అని రెండు పళ్లచక్రాలుంటాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్‌ జీపులో పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 39. అంటే పినియన్‌ సుమారు 4.88 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఇది దాదాపు 28 అంగుళాల టైరుకు సరిపోయే లెక్క. 31 అంగుళాల టైరు వేస్తే లాగే బలం పదో వంతు తగ్గినట్టే. మళ్లీ పాత బలం కావాలంటే? 4.88ని 31తో హెచ్చించి 28తో భాగించండి... 5.40! యుద్ధం తరవాత వచ్చిన విల్లీస్‌ సీజే-2ఏలో 43, 8 పళ్లతో ఉన్న నిష్పత్తి 5.38. ఇంచుమించు అదే.

అందరూ ఎక్కడం గురించే ఆలోచిస్తారు. అసలు ప్రమాదం దిగేటప్పుడు. గేరు బండిని పట్టి ఉంచడం తగ్గి, భారమంతా బ్రేకులమీద పడుతుంది. అవి వేడెక్కితే పట్టు తప్పుతుంది. పైగా స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 66 మీద పోతుంటుంది.

ఫోర్‌వీల్‌ జీపులో ముందు, వెనక ఇరుసులు రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి. ఒక్కటే మారిస్తే గేర్లు విరుగుతాయి. ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ఒప్పుకోదు కాబట్టి, ముందే రవాణాశాఖను అడగాలి.

అంత ఖర్చు ఎందుకనుకుంటే కంపెనీ కొలత టైర్లే మేలు. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా!