చర్మంపై తెల్లమచ్చలు: వ్యాధి కారణాలు - కుష్ఠ శబ్దార్థ పరిశీలన

1. ఉపోద్ఘాతం

చర్మం రంగు మారడానికి కారణాలు అనేకం. రక్తంలో బిలిరుబిన్ పెరిగితే కామెర్ల పసుపు, ఆక్సిజన్ తగ్గితే పెదవులపై నీలిమ, మెలనిన్ అధికమైతే ముఖంపై మంగు కనిపిస్తాయి. వీటి పేర్లలో గందరగోళం లేదు. తెల్లమచ్చల పేర్లు మాత్రం కలగలిసిపోయాయి. దానికి కారణాన్ని, ఫలితాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. కుష్ఠ శబ్దం - అర్థసంకోచం

ఆయుర్వేదంలో 'కుష్ఠం' ఒక్క వ్యాధి పేరు కాదు. ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు కలిపి 18 చర్మవ్యాధులకు అది సామాన్యనామం. తెల్లమచ్చల వ్యాధియైన శ్విత్రాన్ని కూడా చరకసంహిత కుష్ఠచికిత్సాధ్యాయంలోనే చర్చించింది. నేటి తెలుగులో 'కుష్ఠు' అర్థసంకోచం పొంది ఒకే వ్యాధిని సూచిస్తోంది. 'తెల్లకుష్ఠు', 'శ్వేతకుష్ఠు' అనే సమాసాలలో మాత్రం పాత విస్తృతార్థం నిలిచి ఉంది. వినేవారు దానిని కొత్త అర్థంలోనే గ్రహించడంతో బొల్లి కూడా కుష్ఠులో ఒక రకమన్న భ్రమకు అవకాశం ఏర్పడింది.

3. మూడు వ్యాధులు - మూడు కారణాలు

బొల్లి: రోగనిరోధక వ్యవస్థ మెలనిన్‌ను తయారుచేసే కణాలపైనే దాడి చేయడం దీనికి ప్రధాన కారణం. మచ్చ పాలవలె తెల్లగా ఉంటుంది. స్పర్శ చెడదు. ఇది అంటువ్యాధి కాదు.

శోభి: చర్మంపై సహజంగానే ఉండే మలసీజియా అనే శిలీంధ్రం మితిమీరి పెరగడం వల్ల వస్తుంది. మెడ, ఛాతీ, వీపులపై సన్నని పొట్టుతో మచ్చలు ఏర్పడతాయి. మందుతో శిలీంధ్రం నశించినా చర్మానికి పూర్వపు రంగు రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

కుష్ఠు: 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించిన బ్యాక్టీరియా దీనికి కారణం. మచ్చ వెలవెలబోతుందే గాని పాలవలె తెల్లబడదు. నరాలు దెబ్బతినడం వల్ల మచ్చపై స్పర్శ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో ఇది నయమవుతుంది.

4. పేరు వల్ల కలిగే హాని

ఈ గందరగోళం రెండు వైపులా హాని చేస్తుంది. బొల్లి ఉన్నవారు లేని అంటువ్యాధికి వెలివేతను అనుభవిస్తారు. కుష్ఠు ఉన్నవారు ఆ పేరుకు భయపడి తమది శోభి అని సరిపెట్టుకుంటే, చికిత్స ఆలస్యమై నరాలకు శాశ్వత నష్టం కలుగవచ్చు. విడాకులకు కారణాల నుంచి కుష్ఠును 2019లో వైయక్తిక చట్టాల సవరణ తొలగించింది. భాషలో ఆ సవరణ ఇంకా జరగవలసి ఉంది.

5. ముగింపు

'బొల్లి' కుష్ఠ శబ్దంతో సంబంధం లేని స్పష్టమైన తెలుగు పదం. పాఠ్యపుస్తకాలలో, నిఘంటువులలో, వైద్య పదకోశాలలో దానినే ప్రధానపదంగా స్వీకరించి, 'తెల్లకుష్ఠు'ను పూర్వవ్యవహారంగా మాత్రమే నమోదు చేయడం సముచితం.