పాత జీపే ప్రాక్టికల్ ల్యాబ్!

ఇంజినీరింగ్ పట్టా ఉంది, చేతికి గ్రీజే అంటలేదా? నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఓ పాత ఫోర్‌వీల్ డ్రైవ్ మహీంద్రా జీపు తీసుకోండి.

అమలాపురం వైపు ఉప్పుగాలి, వరద నీళ్లు మామూలే. అందుకే పెయింటు మెరుపు కాదు, ఛాసిస్ కింద తుప్పు చూడండి. ఆర్సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు సరిచూడండి. 15 ఏళ్లు దాటిన బండైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యిందా?

ముందు బ్రేకులు, స్టీరింగ్, హంగులు తర్వాత. ఒట్టి జాకీని నమ్మి బండి కిందకు దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే.

బాడీ మార్చేద్దామంటారా? కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చేసిన ప్రతి పనికీ ఫొటో, ఖర్చు, కారణం రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ‘సొంతంగా ఏం చేశావ్?’ అంటే ఆ నోట్సే మీ జవాబు.