పురావస్తు సేకరణ: వస్తువు ఎక్కడ దొరికింది?

లేఖన చరిత్రను గ్రహించుటకు పురావస్తు శాస్త్రము చేసిన మేలు గొప్పది. అయితే త్రవ్వకాలు జరిపే పండితులు వేరు, అంగడిలో కొని దాచుకొనే సేకర్తలు వేరు. ప్రసంగాలు సిద్ధపరచుకొనేటప్పుడు ఈ భేదాన్ని మనము అంతగా పట్టించుకోము.

మోయాబు రాతిని తీసుకుందాము. మన మచిలీపట్నంలో సేవచేసిన చర్చి మిషనరీ సొసైటీకే చెందిన ఎఫ్.ఎ. క్లైన్ 1868లో దానిని దీబోనులో చూచాడు. 2 రాజులు 3వ అధ్యాయములోని మేషా వేయించిన శాసనమది. ఒమ్రీ మోయాబును అణచిన సంగతియు, యెహోవా నామమును అందులో ఉన్నవి. దానికోసం ప్రష్యావారు, ఫ్రెంచివారు పోటీపడగా, 1869లో స్థానిక బెదూయినులు రాతిని నిప్పుతో కాల్చి, చన్నీళ్లు పోసి పగులగొట్టారు. అంతకు ముందే తడి కాగితము అద్ది తీయించిన ముద్ర ఫ్రెంచి పండితుడు క్లెర్మాన్-గన్నో చేతికి చేరింది గనుక చాలా అక్షరాలు దక్కాయి. దొరికిన ముక్కలతో తిరిగి కూర్చిన రాయి నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నది.

రాతికి వచ్చిన పేరు చూచి "మోయాబు" మట్టి పాత్రలు, బొమ్మలు పుట్టుకొచ్చాయి. యెరూషలేములో దుకాణం నడిపిన మోషే షాపిరా వద్ద ప్రష్యా ప్రభుత్వం 1873లో దాదాపు 1700 వస్తువులు కొన్నది. అవి నకిలీలని బయటపెట్టినదీ క్లెర్మాన్-గన్నోయే. ఇది పాతకాలపు మాట అనుకోవద్దు. వాషింగ్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ద బైబిల్ సేకరణలోని 16 మృతసముద్రపు చుట్టల తునకలూ నకిలీవేనని, ఆ మ్యూజియమే చేయించిన పరీక్షలో 2020లో తేలింది.

మేమును తప్పిపోయాము. 2002లో యాకోబు పేరు చెక్కిన ఎముకల పెట్టె వార్త రాగానే, పత్రిక కత్తిరింపు చేతబట్టి ప్రసంగించాము. మరుసటి సంవత్సరమే ఇశ్రాయేలు పురావస్తు శాఖ ఆ చెక్కడం నకిలీ అన్నది. 2012లో న్యాయస్థానం, నకిలీ చేసినట్లు రుజువు కాలేదని దాని యజమానిని విడిచిపెట్టింది; అసలైనదనీ చెప్పలేదు. ఆ పెట్టెను త్రవ్వకాల్లో ఎవరూ వెలికితీయలేదు, అది సేకర్త ఇంటినుండి వచ్చింది. తేల్ దాను శాసనం అలాంటిది కాదు. "దావీదు ఇల్లు" అని పండితులు చదివిన ఆ రాయి 1993లో త్రవ్వకాల్లో, ఒక గోడలో, పండితుల కళ్లముందే బయటపడింది.

ఈ శాసనాన్ని, మోయాబు రాతిని మేము ఇప్పటికీ ప్రసంగాల్లో వాడుతున్నాము. పెట్టె ఫోటో మాత్రం ఫైలులోనే ఉన్నది. అయినా మా సంఘ పెద్ద ఒకరు మొన్నటి క్రిస్మస్‌కు కూడా దాని గురించే అడిగారు.