బిట్‌కాయిన్‌కు చిల్లర పేరు ఏది?

బంగారం ధర పది గ్రాములకు చెబుతారు. వెండి కిలోకు, మిర్చి క్వింటాలుకు, దూది క్యాండీకి చెబుతారు. కొలత ఏదో తేలకుండా ధర పలకడం ఏ బజారులోనూ కుదరదు. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ విషయంలో మాత్రం ఈ పేచీ నేటికీ తెగలేదు. పూర్తి నాణెం ధర లక్షల రూపాయల్లో పలుకుతున్నందున చిన్న మదుపుదారు కొనేది అందులో పిసరంత భాగమే. ఆ పిసరును ఏమని పిలవాలన్నదే పేచీ.

తొలి రోజుల్లో ఈ ఇబ్బంది లేదు. 2010 మే 22న అమెరికాలో ఒక ప్రోగ్రామర్ రెండు పిజ్జాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చుకున్నాడు. అప్పట్లో చిల్లర అవసరమే కలగలేదు. అయినా దీన్ని రూపొందించిన వ్యక్తి, లేక వ్యక్తులు, ముందుచూపుతో ఒక్కో నాణేన్ని పది కోట్ల భాగాలుగా విడగొట్టే వీలు కల్పించారు. ఈ అతిచిన్న భాగానికి వాడుకలో స్థిరపడిన పేరు 'సతోషి'. రూపకర్త పెట్టుకున్న సతోషి నకమోటో అనే మారుపేరు నుంచి ఇది వచ్చింది. ఆ పేరు వెనుక ఎవరున్నారో ఇంతవరకు నిర్ధారణ కాలేదు. వంద సతోషిలను కలిపి 'బిట్' అనాలని 2017లో ఒక ప్రతిపాదన వచ్చింది. నాణెంలో వెయ్యో వంతును 'మిల్లీబిట్' అనేవారూ ఉన్నారు.

లెక్క సులువుగా తెలియడానికి బిట్‌కాయిన్ ధర కోటి రూపాయలు అనుకుందాం. అప్పుడు సతోషి విలువ 10 పైసలు, బిట్ విలువ 10 రూపాయలు, మిల్లీబిట్ విలువ 10,000 రూపాయలు అవుతుంది. ఐదు వందల రూపాయలు పెట్టినవారి ఖాతాలో 0.00005 బిట్‌కాయిన్ అని కనిపిస్తుంది. అదే మొత్తాన్ని 50 బిట్లు అనవచ్చు, 5,000 సతోషిలు అనవచ్చు. దశాంశ బిందువు తర్వాత ఒక సున్న తగ్గిందంటే ఐదు వందలు పంపవలసిన చోట ఐదు వేలు వెళ్లిపోతాయి. చెక్కు ఆపించినట్టు ఆపించడానికి ఇక్కడ బ్యాంకు లేదు. పుచ్చుకున్నవాడు తిరిగి ఇస్తేనే సొమ్ము వెనక్కి వచ్చేది. సున్నలు లెక్కపెట్టే బాధ తప్పుతుందన్న ఒక్క కారణానికే సతోషి లెక్కను ఇష్టపడేవారు చాలామంది ఉన్నారు.

అంతకన్నా పెద్ద నష్టం మరో వైపు నుంచి వస్తుంది. పూర్తి నాణెం కొనలేమన్న బెంగతో కొందరు పైసల్లో, రూపాయల్లో దొరికే ఇతర నాణేల వైపు మళ్లుతున్నారు. కుక్క బొమ్మతో 2013లో సరదాగా మొదలైన డోజికాయిన్ ఇందుకు ఉదాహరణ. ఐదు వందలకు నాణేలు బొత్తిగా వస్తాయి కనుక చవక అనిపిస్తుంది. బిట్‌కాయిన్లు మొత్తం 2.1 కోట్లకు మించవు. డోజికాయిన్లు మాత్రం ఏటా 500 కోట్లకు పైగా కొత్తవి పుట్టుకొస్తాయి, వాటికి పరిమితి లేదు. మొత్తం సరుకెంతో చూడకుండా ఒక్కదాని ధర చూసి చవక అనుకోవడం పొరపాటు. రెండు రూపాయల వడ్డీ అంటే తేలికగా వినిపించి, ఏడాదికి 24 శాతం అంటే గుండె గుభేలుమనడం మన పల్లెల్లో అందరికీ అనుభవమే. పేర్లతోనూ ఇదే చిక్కు. 2017 ఆగస్టులో విడిపోయిన 'బిట్‌కాయిన్ క్యాష్' వేరే సరుకు, దాని ధరా వేరే. తేజ, బాడిగ రెండూ మిర్చే అయినా గుంటూరు యార్డులో ఒక్క ధర పలకవు కదా.

గుర్తుల సంగతి కొంత మెరుగు. మొదట్లో థాయిలాండ్ బాట్ గుర్తునే అరువు తెచ్చుకుని వాడారు. ఇంగ్లీషు 'బి' అక్షరానికి పైనా కిందా రెండేసి చిన్న గీతలున్న గుర్తుకు 2017లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. మన రూపాయి గుర్తుకు ఆ గౌరవం దక్కింది 2010లో. మూడక్షరాల సంకేతం మాత్రం రెండు రకాలుగా నడుస్తోంది. బజారులో ఎక్కువగా వినిపించేది బి.టి.సి. అంతర్జాతీయ పద్ధతిలో మొదటి రెండక్షరాలు దేశానివి, బి.టి. భూటాన్‌ది. ఏ దేశానికీ చెందని వాటికి ఎక్స్‌తో మొదలుపెట్టాలి. బంగారానికి ఎక్స్.ఎ.యు. అయినట్టే దీనికి ఎక్స్.బి.టి. అని కొన్ని సంస్థలు రాస్తున్నాయి. అధికారిక జాబితాలో రెండూ లేవు.

2025లో మరో ప్రతిపాదన చర్చకు వచ్చింది. దశాంశాలు ఎత్తివేసి, సతోషినే బిట్‌కాయిన్ అని పిలవాలని దాని సారాంశం. అందువల్ల ఎవరి సొమ్మూ పెరగదు, తరగదు. కాని 2.1 కోట్లే ఉంటాయని విని కొన్నవారికి ఆ అంకె ఒక్కసారిగా పది కోట్ల రెట్లయితే కంగారు తప్పదు.

ఇలాంటి మార్పును మన దేశం ఒకసారి చూసింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాలు పోయి వంద నయా పైసలు వచ్చాయి. అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది అని పట్టిక వేశారు. కొట్ల దగ్గర అర పైస కోసం తగవులాడుకున్నారు. 1964లో 'నయా' అన్న మాట తొలగింది. 25 పైసల నాణెం 2011లో చెల్లకుండా పోయినా పావలా అన్న మాట ఇంకా మన నోట నానుతూనే ఉంది. అక్కడ పట్టిక వేసి అమలుపరచడానికి ప్రభుత్వం ఉంది. బిట్‌కాయిన్‌కు అటువంటి యజమాని లేడు. వాడేవారి నోటికి ఏది అలవాటైతే అదే నిలుస్తుంది.

రోజువారీ కొనుగోళ్లలో దీని భవిష్యత్తు ఇంకా స్పష్టం కాలేదు. 2021 సెప్టెంబరులో ఎల్ సాల్వడార్ దీన్ని చట్టబద్ధమైన ద్రవ్యంగా చేసింది. వర్తకులు తప్పక పుచ్చుకోవాలన్న నిబంధనను 2025 జనవరిలో తొలగించింది. మన దేశంలో ఇది చెల్లుబాటు ద్రవ్యం కాదు. 2022 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రజల మధ్య ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టిన డిజిటల్ రూపాయికి నోట్లు, నాణేల విలువలే ఉంచారు కనుక దానికి పేరు పేచీ రాలేదు. క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో సర్దుబాటు చేయనివ్వరు. కొన్నవారు బిట్లు అనుకున్నా, సతోషిలు అనుకున్నా ఆదాయపు పన్ను రిటర్నులో కొన్న ధర, అమ్మిన ధర రూపాయల్లోనే రాయాలి.