ఓదెల 2: మనిషి నేరం దయ్యం పాలైన వేళ

బల్లార్షా నుండి కాజీపేటకు సాగే రైలు మార్గం మన రాజురా తాలూకాను దాటి, కాగజ్‌నగర్, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లిల మీదుగా పోయి ఓదెల అనే చిన్న స్టేషనును చేరుతుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే వరకు రాజురా కూడా ఆదిలాబాదు జిల్లాలోనిదే. కనుక ఆ వైపు పల్లెల బతుకు, మాట మనకు పరాయివి కావు. ఆ ఊరి పేరుతో వచ్చిన రెండు చిత్రాలలో మొదటిదానికి దక్కిన మెప్పు రెండవదానికి ఎందుకు దక్కలేదో పరిశీలించడం అవసరం.

మొదటి చిత్రం ‘ఓదెల రైల్వేస్టేషన్’ 2022 ఆగస్టులో ఆహా వేదికపై విడుదలైంది. కథ సంపత్ నందిది, దర్శకత్వం అశోక్ తేజది. ఊరిలో కొత్తగా పెండ్లయిన యువతులు వరుసగా హత్యకు గురవుతుంటారు. చేసినవాడు తిరుపతి అని తెలిసిన అతని భార్య రాధ స్వయంగా అతని తల నరుకుతుంది. ఇందులో దయ్యం లేదు. పక్కింటి మనిషే హంతకుడు కావడం, ఆ సంగతి కట్టుకున్న ఇల్లాలికే తెలియకపోవడం, ఇదే ప్రేక్షకుని వణికించింది.

రెండవ భాగంలో మార్పు

2025 ఏప్రిల్ 17న థియేటర్లకు వచ్చిన ‘ఓదెల 2’లో అదే తిరుపతి ప్రేతాత్మగా తిరిగి వస్తాడు. ఇతరుల శరీరాలలో ప్రవేశించి మళ్లీ నవవధువులను బలిగొంటాడు. అతనిని ఎదుర్కొనేది నాగసాధువు శివశక్తి. ఆ పాత్రను తమన్నా ధరించింది. టీజరును ప్రయాగరాజ్ మహాకుంభమేళాలో విడుదల చేయడంతో అంచనాలు పెరిగాయి. విడుదలైన తరువాత తమన్నా రూపాన్ని, అజనీష్ లోకనాథ్ సంగీతాన్ని మెచ్చినవారున్నారు. అయితే కథనం ముందే ఊహకు అందుతున్నదనీ, శబ్దాడంబరం మితిమీరిందనీ సమీక్షకులు విమర్శించారు. వసూళ్లు కూడా ఆశించినంతగా రాలేదు. మే నెలలోనే చిత్రం ప్రైమ్ వీడియోలోకి వచ్చింది.

కారణం స్పష్టమే. భయానికి మూలం అనిశ్చితి. ఒకవైపు ప్రేతాత్మ, మరొకవైపు సాక్షాత్తు శివుని అండ గల సాధ్వి నిలిచినప్పుడు గెలుపెవరిదన్న సందేహం ప్రేక్షకునికి కలుగదు. సందేహం లేనిచోట భక్తి కలుగవచ్చును గాని భయం నిలువదు.

దీనితో పోల్చదగినది ‘మా ఊరి పొలిమేర’. 2021లో హాట్‌స్టార్‌లో వచ్చిన ఆ చిత్రం కూడా చేతబడి అనుమానం చుట్టూ అల్లిన పల్లె కథయే. 2023 నవంబరులో థియేటర్లకు వచ్చిన రెండవ భాగం విజయం సాధించింది. అది మొదటి భాగపు చిక్కుముళ్లను విప్పుతూ, మనుషుల ఆశలనూ ఎత్తులనూ వెంబడించింది. కొనసాగింపు కథలో ప్రేక్షకుడు కోరేది మరింత పెద్ద దయ్యాన్ని కాదు, మిగిలిన ప్రశ్నకు జవాబును.

మన ప్రాంతానికి ఇది వట్టి వినోద విషయం కాదు. 2021 ఆగస్టులో పొరుగున ఉన్న జివతి తాలూకాలోని వణీ ఖుర్ద్ గ్రామంలో, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో దళిత కుటుంబాలకు చెందిన ఏడుగురిని కట్టివేసి కొట్టారు. వారిలో స్త్రీలు, వృద్ధులు ఉన్నారు. చేతబడి పేరిట జరిగే అమానుష కృత్యాలను శిక్షించే మహారాష్ట్ర చట్టం 2013 నుండే అమలులో ఉన్నా ఈ ఘోరం జరిగింది.

కల్పిత కథలో దయ్యం ఉండరాదని ఎవరూ అనరు. పేదరాశి పెద్దమ్మ కథల నాటి నుండి దయ్యాలు మనకు ఉన్నవే. కాని స్త్రీలపై జరిగిన దారుణానికి ఒక పురుషుని బాధ్యుడిగా నిలిపి, అతని భార్య చేతనే తీర్పు చెప్పించిన కథ, రెండవసారి ఆ బాధ్యతను ఆత్మకు అప్పగించింది. ఆవహింపబడిన దేహానికి నేరం అంటదు కదా! మొదటి చిత్రం చూసినవాడు పొరుగువాని ముఖం వంక అనుమానంగా చూశాడు. రెండవ చిత్రం చూసినవాడు మంత్రం కోసం వెదికాడు. నిజమైన భయమూ, నిజమైన హెచ్చరికా మొదటి చూపులోనే ఉన్నాయి.