సూదికి తెలిసిన నడిగీత

2017 జూలై 7, అర్ధరాత్రి కావస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 28ఆర్ రన్‌వే మీద దిగాల్సిన ఎయిర్ కెనడా విమానం దాని కుడిపక్కన ఉన్న టాక్సీవే వైపు వచ్చేసింది. ఎడమవైపున్న 28ఎల్‌ను ఆ రాత్రి మూసేసి దీపాలు ఆర్పేశారు. రెండు రన్‌వేలు కనిపిస్తాయనుకున్న పైలట్లు 28ఆర్‌నే 28ఎల్ అనుకున్నారు. టాక్సీవే మీద నాలుగు విమానాలు టేకాఫ్ కోసం ఆగి ఉన్నాయి. రన్‌వే మీద దీపాలేమిటని పైలట్లు టవర్‌ను అడిగారు కూడా. 28ఆర్ ఖాళీయేనని టవర్ చెప్పింది. అది నిజమే! దాదాపు 60 అడుగుల ఎత్తుకు దిగి, విమానం మళ్లీ పైకి లేచింది.

28ఆర్‌కు లోకలైజర్ ఉంది. నాకెంతో ఇష్టమైన పరికరం అది. రన్‌వే అవతలి కొస దాటాక నేలమీద యాంటెన్నాల వరుస ఉంటుంది. అది పంపే రేడియో తరంగం మీద రెండు స్వరాలుంటాయి: ఒకటి 90 హెర్ట్జ్, ఇంకొకటి 150. దిగుతున్న పైలట్‌కు ఎడమపక్క 90 బలంగా ఉంటుంది, కుడిపక్క 150. సరిగ్గా నడిగీత మీద రెండూ సమానం. రిసీవర్ రెంటినీ విడదీసి త్రాసులో వేసినట్టు తూస్తుంది, తేడా ఎంతుంటే సూది అంత పక్కకు జరుగుతుంది. దూరంలో సిగ్నల్ బలహీనపడినా రెండు స్వరాలూ కలిసే తగ్గుతాయి కాబట్టి తూకం చెడదు.

మరి సిగ్నల్ పూర్తిగా పోతే? రెండూ సున్నా, తేడా కూడా సున్నా. సూది నడిమధ్య నిలబడి, అంతా బాగుందని అబద్ధం చెప్పేస్తుంది. అందుకే రిసీవర్ తేడాతో పాటు మొత్తాన్నీ చూస్తుంది. మొత్తం పడిపోతే, సూదిని నమ్మవద్దని డయల్ మీద జెండా లేస్తుంది. ఒక కూడిక, ఒక తీసివేత. ఇంత తక్కువ లెక్కతో ఇంత భద్రత ఇంకెక్కడా నేను చూడలేదు.

అయితే లోకలైజర్ ఫ్రీక్వెన్సీని పైలట్ రిసీవర్‌లో పెట్టుకోవాలి. ఆ రాత్రి పెట్టలేదు.

పెట్టకపోయినా కాపాడే పరికరం కూడా ఉంది. నేలను ఢీకొనకుండా హెచ్చరించే యంత్రంతో పేరు పొందిన డాన్ బేట్‌మన్ పనిచేసిన హనీవెల్ సంస్థే దాన్ని తెచ్చింది. జీపీఎస్ చెప్పిన చోటును తనలోని రన్‌వే పటంతో పోల్చి, వరుస తప్పితే కాక్‌పిట్‌లో గొంతెత్తి హెచ్చరిస్తుంది. రన్‌వేకు వరుసలో లేని విమానాన్ని హెచ్చరించే ఏర్పాటు పెద్ద విమానాశ్రయాల్లో దిగే విమానాలకు తప్పనిసరి చేయాలని 2018లో అమెరికా రవాణా భద్రతా బోర్డు సిఫార్సు చేసింది. ప్రయాణికులతో ఎగిరే ప్రతి విమానంలోనూ ఆ గొంతు ఉండి తీరాలి.